ఎడమకాలి పాఠం

మన ఇళ్లల్లో ఎడమచేతికి ఉన్న మర్యాద అంతంతమాత్రమే. చంటిపిల్ల ఆ చేత్తో నాలుగు బొరుగులు తీసుకుంటే చాలు, “ఆ చెయ్యి కాదమ్మా, మంచి చెయ్యి” అంటూ అమ్మమ్మ దగ్గర్నించి పక్కింటి పిన్నిగారి దాకా అందరూ దిద్దేవాళ్లే. ఇక ఎడమకాలి సంగతి చెప్పనే అక్కర్లేదు. కొత్తకోడలు గడప దాటాలన్నా, కొత్తింట్లో పాలు పొంగించడానికి అడుగు పెట్టాలన్నా ముందు కుడికాలే. ఎవరిమీదైనా బాగా కోపం వచ్చినప్పుడు మాత్రం, “ఎడమకాలితో తన్నేశాను పొమ్మన్నాను” అంటాం. అదొక్కటే ఎడమకాలికి మనం అప్పగించిన ఉద్యోగం!

ఇటువంటి దేశంలో ఒక బడిపంతులు కుర్రాళ్ల ఫుట్‌బాల్ పోటీలు పెట్టి, బంతిని అలవాటు లేని కాలితోనే ఆడాలని షరతు విధించారు. కుడికాలి వాటం పిల్లవాడైతే ఎడమకాలితో, ఎడమకాలి వాటం వాడైతే కుడికాలితో. ఆ పంతులుగారు మన హైదరాబాదు మనిషే. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్లకు ఆయన రహీం సాబ్.

ఫుట్‌బాల్ గురించి ఆడవాళ్ల పేజీలో ఏమిటమ్మా ఈ గోల అనకండి. నేను బి.ఏ. చదివినదాన్నే గాని బంతిని తన్నినదాన్ని కాదు. నా బెంగ బంతి గురించి కాదు, పిల్లలకు విద్య ఎలా అబ్బుతుందన్నదాని గురించి. “మా వాడికి పుట్టుకతోనే వచ్చిందండీ” అని ఒక తల్లి మురుస్తుంది. “మా పిల్లకు రాదులెండి, దాని తలరాత” అని ఇంకో తల్లి నిట్టూరుస్తుంది. ఆ రెండు మాటలూ ఒకటే. రెండింట్లోనూ నేర్పేవాడి ఊసు లేదు. రహీం కథ ఆ నేర్పేవాడి కథ.

మా ప్యాపిలి హైదరాబాదు నించి కర్నూలు, డోను మీదుగా అనంతపురం పోయే పెద్దరోడ్డు మీద ఉంది. ఈ ఊరికి ఫుట్‌బాల్‌తో ఏమిటి చుట్టరికం అంటే, చెప్పుకోదగ్గది లేదు. కానీ ఉత్తరాన ఈ రోడ్డు మొదట్లో రహీం సాబ్ మైదానం, దక్షిణాన అనంతపురంలో ఇప్పుడు ఆడపిల్లలు సైతం బూట్లు కట్టుకుని ఆడే మైదానం. నడిమధ్య మేము! అటూ ఇటూ పోయే బస్సుల్ని చూస్తూ ఊరుకోవడం కంటే, ఆ రెండు మైదానాల మధ్య జరిగిన కథ చెప్పుకోవడం మేలు కదా.

రహీం 1909లో హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుని, కాచిగూడ, చాదర్‌ఘాట్ వంటి చోట్ల బడుల్లో పనిచేశారు. వ్యాయామవిద్యలో డిప్లొమా సంపాదించారు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1950 నించి హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడు. ఆ వెంటనే భారత జట్టుకూ శిక్షకుడే. ఇన్ని హోదాలు వచ్చినా మనిషిలోని మాస్టారు మాత్రం పోలేదు. మంచి మాస్టారు పిల్లవాడికి రానిది ఏమిటో ముందు కనిపెడతాడు, ఆ తర్వాత దానికి తగిన లెక్క ఇస్తాడు.

ఆ రోజుల్లో మనవాళ్ల ఆటలో ఒక ముచ్చట ఉండేది, ఒక జబ్బూ ఉండేది. రెండూ ఒకటే. బంతి దొరికినవాడు దాన్ని కాలికి అంటిపెట్టుకుని, అడ్డొచ్చినవాళ్లను ఒక్కొక్కరినే తప్పించుకుంటూ పోయేవాడు. దాన్నే డ్రిబ్లింగ్ అంటారు. చూసేవాళ్లకు కన్నులపండుగ. పక్కన ఖాళీగా నిలబడ్డ తోటివాడికి మాత్రం ఉపవాసం! పెళ్లిలో ఒక్కరే గరిటె పట్టుకుని పంక్తి అంతా తామే వడ్డిస్తామని పట్టుబడితే ఏమవుతుంది? చివరి విస్తరి దాకా పప్పు చేరేసరికి చల్లారిపోతుంది. ఆటలోనూ అంతే.

దీనికి రహీం ఉపన్యాసం ఇవ్వలేదు. డ్రిబ్లింగ్ లేని పోటీలు పెట్టారు. బంతి వచ్చిందా, వెంటనే ఇంకొకరికి అందించెయ్యాలి. ఈ ఒక్క షరతుతో ఏం జరుగుతుందో చూడండి. బంతి వచ్చాక ఎవరికి ఇవ్వాలా అని వెతికితే ఆలస్యమవుతుంది కాబట్టి, అది రాకముందే తల పైకెత్తి చుట్టూ చూసుకోవాలి. బంతి ఇచ్చేసినవాడు ఊరికే నిలబడితే మళ్లీ బంతి రాదు కాబట్టి, ఖాళీ చోటు చూసుకుని పరుగెత్తాలి. చూడరా, కదలరా అని వందసార్లు అరవక్కర్లేదు. ఆట నియమమే ఆ మాట చెబుతుంది.

ఎడమకాలి పోటీలోనూ ఇదే కిటుకు. ఒక్క కాలితోనే ఆడేవాడి పక్కన నిలబడి అడ్డుకోవడం సులువు. ఎటు తిరుగుతాడో ముందే తెలిసిపోతుంది. రెండు కాళ్లూ పనిచేసేవాడిని అడ్డుకోవడం మహా కష్టం. కానీ రెండో కాలికి సాధన ఎప్పుడిస్తాం? అసలు ఆటలో ఇవ్వలేం, ఓడిపోతామని భయం. కాబట్టి ఓడినా పరువుపోని ఆట ఒకటి కల్పించాలి. అందరూ చేతగాని కాలితోనే తడబడుతుంటే ఇంక ఎవరు ఎవర్ని చూసి నవ్వాలి? పిల్లల సిగ్గు పోగొట్టే ఉపాయం ఇంతకన్నా గొప్పది నాకు కనిపించలేదు.

సంగీతం నేర్చుకున్న చెల్లెళ్లకు ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. పురందరదాసులవారు ఏర్పరచారని చెప్పుకునే సరళీ వరుసలు, జంట వరుసలు ఏమిటి మరి? ఒకే మాయామాళవగౌళ రాగం, అవే ఏడు స్వరాలు, మూడు కాలాల్లో. పక్కింటివాళ్లు చెవుల్లో దూది పెట్టుకున్నా సరే, ఆ వరుసలు గొంతులో ఇంకితే గాని కీర్తన పట్టుబడదు. ఆటలోనూ సరళీ వరుసలున్నాయి. పాదం లోపలి పక్కతో బంతిని నెట్టడం, వచ్చే బంతిని పాదంతో మెత్తగా ఆపడం, గోడకు కొట్టి తిరిగొచ్చిన దాన్ని మళ్లీ కొట్టడం, బంతి నేలకు పడకుండా కాళ్లతోనూ తొడలతోనూ ఎగరేస్తూ ఉండడం. వీటిలో ఏ ఒక్కటీ అద్భుతం కాదు. వెయ్యిసార్లు చేశాక మాత్రం చూసేవాళ్లు అద్భుతం అంటారు, పుట్టుకతో వచ్చిందని కూడా అంటారు!

ప్రపంచంలో తక్కినచోట్లా దారి ఇదే. ఉరుగ్వే దేశంలో హువాన్ కార్లోస్ సెరియానీ అనే వ్యాయామశిక్షకుడు 1930లో చిన్న ఆవరణలో జట్టుకు ఐదుగురు ఆడే ఆటను రూపొందించాడు. అదే నేటి ఫుట్సాల్. చోటు తక్కువ కాబట్టి బంతి ప్రతివాడి కాలికీ మాటిమాటికీ తగులుతుంది, ఆలోచన చురుకవుతుంది. హాలెండులో వీల్ కూవర్ అనే శిక్షకుడు గొప్ప ఆటగాళ్ల విన్యాసాలను ముక్కలుముక్కలుగా విడదీసి, పిల్లలు ఒక్కో ముక్కనే నేర్చుకునే పద్ధతి తయారుచేశాడు. మన చుక్కల ముగ్గుల పుస్తకం లాంటిదన్నమాట. బార్సిలోనా జట్టు పేరు చెప్పగానే వినిపించే రోండో అనే సాధన ఉంది. కొందరు గుండ్రంగా నిలబడి బంతిని అందించుకుంటూ ఉంటే, మధ్యలో ఉన్నవాళ్లు దాన్ని పట్టుకోవాలి. మన పిల్లలు బంతిని చేత్తో విసురుకుంటూ ఆడే మధ్యలో కోతి ఆటే అది! కోతిని మార్చారు గాని ఆటను మార్చలేదు.

సరే, రహీం సాబ్ సాధన ఫలించిందా? సిటీ పోలీసు జట్టు 1950 నించి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలుచుకుంది. 1951లో ఢిల్లీలో జరిగిన మొట్టమొదటి ఏషియన్ క్రీడల్లో, ఆఖరి పోటీలో ఇరాన్‌ను 1–0తో ఓడించి భారత జట్టు బంగారు పతకం తెచ్చుకుంది.

మరుసటేడే పెద్ద దెబ్బ. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో ఓడాం. మనవాళ్లలో చాలామంది అప్పటికీ ఒట్టికాళ్లతోనే ఆడారు. ఆ చలిలో, ఆ నేలమీద! ఆ ఓటమి తర్వాతే మన దేశంలో బూట్లు తప్పనిసరి చేశారు. బూటు తొడిగితే పాదానికి బంతి స్పర్శ తెలియదు, మొదట్నించీ నేర్చుకోవాల్సిందే. నలభై ఏళ్లు కట్టెలపొయ్యి మీద వండిన చేతిని ఒక్కరోజులో గ్యాసుపొయ్యికి అలవాటు చేసుకోమన్నట్టు. మళ్లీ సాధన, మళ్లీ సరళీ వరుసలు.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ పుట్టింది. సరిగ్గా నెలరోజులకు, డిసెంబరు 1న, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో రహీం జట్టు ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డమీదే 4–2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశాడు. మనవాళ్లు సెమీఫైనల్‌కు వెళ్లారు, చివరికి నాలుగో స్థానంలో నిలిచారు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మనకు అంతకుమించిన స్థానం ఇప్పటికీ రాలేదు. ఆ జట్టులో ఉన్న గోవా, బొంబాయి ఆటగాళ్ల మాట ఎలా ఉన్నా, హైదరాబాదు కుర్రాళ్ల మాట ఒకటి చెప్పుకోవాలి. వాళ్లలో ఒకడు తులసీదాస్ బలరాం.

బలరాం 1936లో సికిందరాబాదు దగ్గర అమ్ముగూడలో పుట్టాడు. పేద తమిళ కుటుంబం. కొడుకు చదువుకుని ఏ గుమాస్తా ఉద్యోగమో చేసుకుంటే చాలని ఆ తల్లి ఆశ. బూట్లు కొనిపెట్టే స్తోమతు లేదు. పోలీసులు వాడి పారేసిన పాతబూట్లను చెప్పులు కుట్టే అతని చేత సరిచేయించుకుని ఆడాడని చెబుతారు. పిల్లవాడి ఆట రహీం కంట పడింది. రోజూ సాధనకు రమ్మన్నారు. రావడానికి మనసుంది గాని, అంతదూరం వచ్చే దారి ఖర్చు లేదు. అప్పుడు రహీం సైకిలు అద్దెకు రోజుకో రూపాయి ఇచ్చేవారని బలరాం పెద్దయ్యాక చెప్పుకునేవాడు.

ఈ రూపాయి దగ్గర నేను కాస్సేపు ఆగిపోతాను. ఎంత గొప్ప సాధనక్రమం ఉన్నా, అది మైదానం దాకా వచ్చిన పిల్లవాడికే కదా! రాలేని పిల్లవాడి సంగతేమిటి? బంతిని ఎలా ఆపాలో చెప్పడం సగం శిక్షణ. సైకిలు అద్దె ఇవ్వడం తక్కిన సగం. ఆ రూపాయి లేకపోతే బలరాం మెల్‌బోర్న్‌కు వెళ్లేవాడా? 1960లో రోముకు, 1962లో జకార్తాకు వెళ్లేవాడా? అమ్ముగూడలో ఆటబాగా ఆడే కుర్రాడు ఒకడుండేవాడట అని కూడా ఎవరూ అనుకునేవారు కాదు. ఆయన 2023 ఫిబ్రవరిలో కన్నుమూసేదాకా ఆ మాస్టారి పేరు తలుచుకుంటూనే ఉన్నాడు.

జకార్తా సంగతి చెప్పకుండా రహీం కథ ముగియదు. 1962 ఏషియన్ క్రీడలు. ఇండోనేషియా ప్రభుత్వం ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు ప్రవేశం ఇవ్వలేదు. మనదేశపు అధికారి సోంధీగారు దాన్ని తప్పుపట్టారు. దాంతో అక్కడి జనానికి మనవాళ్లంటే మండిపోయింది. మొదటి ఆటలోనే కొరియా చేతిలో 2–0తో ఓటమి. థాయ్‌లాండ్‌తో ఆడుతుండగా వెనకవరసలో అడ్డుగోడలాంటి జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. ఇక శిక్షకుడికేమో ఒంట్లో క్యాన్సర్.

అలాంటప్పుడు రహీం చేసిన పని చూడండి. జర్నైల్ సింగ్‌ను వెనక నించి తీసి ముందువరసలో, గోల్ చేసేవాడి స్థానంలో నిలబెట్టారు. సెప్టెంబరు 4న ఆఖరి పోటీ, మళ్లీ అదే దక్షిణ కొరియాతో. స్టేడియం నిండా మనల్ని గేలిచేసే జనం. పి.కె. బెనర్జీ ఒక గోల్ చేశాడు. రెండోది, తలకు కట్టుతో ఉన్న జర్నైల్ సింగ్ చేశాడు. 2–1తో బంగారు పతకం మనదైంది! అలవాటైన చోటు మూసుకుపోతే, అలవాటు లేని చోట నిలబడి పని నడిపించడం. పెద్దవాళ్ల ఆటలో ఎడమకాలి పాఠం అంటే ఇదే కదూ?

ఆ తర్వాత తొమ్మిది నెలలు. 1963 జూన్ 11న రహీం సాబ్ వెళ్లిపోయారు. యాభై మూడేళ్ల వయసు. ఇప్పటికీ ఏషియన్ క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మరో బంగారు పతకం లేదు. 1960 తర్వాత ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన మగవాళ్ల జట్టు అడుగే పెట్టలేదు. హైదరాబాదు ఆ తర్వాత కూడా నయీముద్దీన్, హబీబ్, షబ్బీర్ అలీ వంటివాళ్లను ఇచ్చింది. 1970లో బ్యాంకాక్‌లో కంచు పతకం తెచ్చిన జట్టుకు నయీముద్దీనే నాయకుడు. కానీ మెల్లమెల్లగా ఊట తగ్గింది. మంచి ఆటగాళ్లు కలకత్తా క్లబ్బులకు తరలిపోయారు. కుర్రాళ్లకు వరసగా పోటీలు పెట్టి, లోపాన్ని బట్టి లెక్క ఇచ్చే మాస్టారి చోటు మాత్రం ఖాళీగా ఉండిపోయింది. 2024లో ఆయన మీద హిందీలో ‘మైదాన్’ సినిమా వచ్చాక గాని చాలామందికి ఆ పేరే తెలియలేదు. పతకాలు గుర్తుంటాయి. పతకం వెనక ఉన్న పోటీ, చేతగాని కాలితో ఆడిన ఆ పోటీ, గుర్తుండదు. వంట రుచి గుర్తుపెట్టుకుని వంటమనిషిని మరిచిపోవడం మన లోకానికి కొత్త కాదుగా.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. రహీం సాబ్ మైదానంలో ఆడపిల్లలు లేరు. అది ఆయన ఒక్కరి లోపం కాదు, ఆ కాలం తీరే అది. ఇంగ్లండులో 1920 డిసెంబరులో లివర్‌పూల్ మైదానంలో ఆడవాళ్ల ఆట చూడడానికి యాభై మూడువేలమంది వచ్చారు. మరుసటి ఏడాది డిసెంబరులోనే అక్కడి ఫుట్‌బాల్ సంఘం, ఈ ఆట ఆడవాళ్లకు తగదని తేల్చి, తమ మైదానాల్లో వాళ్లను ఆడనివ్వరాదని తీర్మానించింది. ఆ నిషేధం యాభై ఏళ్లు నడిచింది! ఆటను ఆపడానికి కాళ్లు కట్టెయ్యనక్కర్లేదని, మైదానం లాగేసుకుంటే చాలని దొరలకు బాగా తెలుసు. మనకూ తెలుసు. సాయంత్రం అయిదింటికి తమ్ముడి చేతికి బంతీ, అక్క చేతికి చీపురూ ఇచ్చే ఇళ్లు మన వీధిలోనే ఎన్ని లేవు?

అయినా ఆడపిల్లలు ఆగలేదు. మన మహిళల జట్టు 1979లోనూ, 1983లోనూ ఆసియా పోటీల్లో రెండో స్థానంలో నిలిచింది. నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియా వెళ్లి అక్కడి డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు ఆడింది. ఇక మా రోడ్డుకు దక్షిణాన అనంతపురంలో, 1969లో విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు పల్లెపిల్లలకు ఆటల శిక్షణ ఏర్పాటు చేసింది. స్పెయిన్ దేశపు లా లిగా వారి తోడ్పాటుతో ఫుట్‌బాల్ నేర్పింది. వేరుశనక్కాయలు ఒలిచే ఇళ్లనించి ఆడపిల్లలు అక్కడికి వచ్చి ఆడారు. ఇక్కడా కథ అదే. సాధనక్రమం ఒకటుంటే చాలదు, మైదానం దాకా తెచ్చే ఆ రూపాయి కూడా ఎవరో ఒకరు ఇవ్వాలి.

మన ఇంట్లో పిల్లకో పిల్లవాడికో ఆట మీద మనసుంటే, పెద్ద సరంజామా ఏమీ అక్కర్లేదు. బంతి కొనలేని రోజుల్లో బ్రెజిల్‌లో పీలే అంతటివాడు మేజోడులో గుడ్డలు, కాగితాలు కుక్కి ఆడాడు. మేజోళ్లు మన ఇళ్లల్లోనూ ఒంటరివి ఎన్నో ఉంటాయి! దాటుకుంటూ బంతిని తీసుకుపోవడానికి గుర్తులు కావాలంటే వరసగా రాళ్లు పెట్టుకోవచ్చు. మా ప్యాపిలి వైపు నీళ్లకు కరువు గాని రాళ్లకు కరువెప్పుడూ లేదు. పెరటి గోడ ఒకటి చాలు. పది అడుగుల దూరం నించి కుడికాలితో ఇరవై, ఎడమకాలితో నలభై. వాడు కొట్టిన ఎడమకాలి బంతి గోడకు కాక మీరు ఆరేసిన వడియాలకు తగులుతుంది, నాకు తెలుసు. ఆ క్షణాన నోరు అదుపులో పెట్టుకోవడమే తల్లి చెయ్యాల్సిన సాధన. అదీ రోజూ చేస్తే గాని రాదు.

“నీకు రాదులే” అన్న మాట ఆ ఒక్క నెల రోజులూ ఇంట్లో ఎవరి నోటా రానివ్వకండి. కూతురైతే చీపురు ఒక గంట పక్కన పెట్టించండి. ఇల్లు ఏమీ మునిగిపోదు. బడిపంతులు ఒకాయన రోజుకో రూపాయి ఇచ్చి ఒక పేద పిల్లవాణ్ణి ఒలింపిక్స్ దాకా పంపారు. మనల్ని అడుగుతున్నది రూపాయి కూడా కాదు, సాయంత్రం పూట ఒక గంట.